శిలాఫలకం పక్క స్థలం

ఇల్లు కొనేముందు ఆ ఇంటిని ఇంజినీరుచేత పునాది నుంచి పైకప్పు దాకా పరీక్ష చేయించిన మొట్టమొదటి పౌరుడుగా ఊళ్ళో టైలరు పేరు నమోదయింది. ఈ అపకీర్తి ఆయన కోరి తెచ్చుకున్నదే తప్ప ఇందులో ఊరివాళ్ళ ప్రమేయం ఏమీ లేదని ముందుగానే మనవి చేసుకోవటం మంచిది.

అంతకుముందు ఊళ్ళో ఇళ్ళు అమ్ముడుపోలేదా అంటే బ్రహ్మాండంగా అమ్ముడుపోయేవి. దానికొక పద్ధతి ఉండేది. కొనేవాడు ఎండ తగ్గి గోడలు ముచ్చటగా కనిపించే వేళ చూసుకుని ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు వెళ్ళేవాడు. పెద్దవాళ్ళు కుళాయి తిప్పి నీళ్ళు వస్తున్నాయని ధ్రువపరచుకునేవాళ్ళు. పిల్లలు స్విచ్చి నొక్కి దీపం వెలుగుతోందని కేకపెట్టేవాళ్ళు. బంధువుల్లో అనుభవశాలి ఒకాయన ముందుకొచ్చి గోడమీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, ఆ చప్పుడు చెవి ఒగ్గి విని, "బాగానే ఉంది" అనేవాడు. అంతటితో బేరం ఖాయమయ్యేది. ఇదే మనుషులు పొద్దున్నే బజారుకి వెళితే ఒక్కో వంకాయనీ అటూ ఇటూ తిప్పి, తొడిమ ఎత్తి చూసి, పుచ్చుందన్న అనుమానం వస్తే చాలు, గంపలో పడేసి వచ్చేవాళ్ళు. వంకాయకి తొడిమ ఉంది గనక ఎత్తి చూడవచ్చు. ఇంటికి ఆ సౌకర్యం లేకపోవటం కొనేవాళ్ళ తప్పు కాదు.

టైలరు ఈ పద్ధతిని కాదనటానికి కారణం ఆయన స్వభావం. ఊరంతా ఆయన్ని వెనకాల 'ట్రయలు' అని పిలుస్తుంది. చొక్కా కుట్టమని బట్ట ఇచ్చినవాణ్ణి ఆయన ఒక ట్రయలుకి పిలుస్తాడు. చంక దగ్గర కొంచెం పట్టిందంటూ మరో ట్రయలుకి పిలుస్తాడు. చొక్కా తొడుక్కునే యోగం కన్నా చొక్కా కోసం తిరిగే యోగమే ఎక్కువని ఖాతాదారులు విసుక్కున్నా ఆయన చెవిన పెట్టడు. ఒకసారి కత్తెర పడ్డ బట్ట మళ్ళీ అతుక్కోదన్న భయం ఆయన్ని ఏనాడూ వదల్లేదు.

ఆయన కాపురం దుకాణం వెనకే. ముందు మిషను, మధ్యలో పరదా, పరదా వెనక ఒక గది. ఆ గదిలో అటు నుంచి ఇటు వరకూ తాళ్ళు కట్టి ఉంటాయి. తాళ్ళ నిండా ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు, కోట్లు, లంగాలు. భార్య అన్నం వండుతుంటే ఎవరిదో ప్యాంటు కాలు వచ్చి భుజం తట్టేది. పడుకుని కళ్ళు తెరిస్తే లాయరుగారి కోటు పైనుంచి ఆమెకేసి చూస్తుండేది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె భర్తని నగలడగలేదు, చీరలడగలేదు. "నెత్తిమీద పరాయివాళ్ళ బట్టలు వేలాడని గది ఒక్కటి చాలండీ" అని మాత్రం అడిగింది. టైలరు ఆ మాట మనసులో పెట్టుకుని, కుట్టుకూలీలో మిగిలిందల్లా దాచి, ఇన్నేళ్ళకి ఒక ఇల్లు కొనగలిగే స్థితికి వచ్చాడు. ఆ డబ్బు ఒక్కసారే ఖర్చవుతుందని, పోతే మళ్ళీ ఈ జన్మకి రాదని ఆయనకి బాగా తెలుసు.

సరిగ్గా అప్పుడే ఒక ఇంజినీరమ్మ తన కోటు ట్రయలుకి వచ్చింది. భుజం దగ్గర గుండుసూదులు గుచ్చుతూ టైలరు మాటవరసకి, "ఏం పని చేస్తుంటారమ్మా?" అని అడిగాడు.

"ఇల్లు కొనేవాళ్ళ తరఫున ముందుగా వెళ్ళి ఇంటిని పరీక్ష చేస్తుంటానండీ. గోడలు, పునాది, కప్పు, అన్నీ చూసి ఎక్కడ ఏం లోపముందో రాసిస్తాను."

టైలరు చేతిలో సూది ఆగిపోయింది. "ఇంటికి ట్రయలు వేస్తారన్నమాట" అన్నాడు. జీవితంలో మొదటిసారి తన మతస్థురాలు ఒకరు కనిపించినందుకు ఆయనకి కళ్ళు చెమర్చాయి.

ఆయన మనసుపడ్డ ఇల్లు ప్రిన్సిపాలుగారిది. ఒకే కాంట్రాక్టరు ఒకే వరసలో కట్టిన ఆరు ఇళ్ళలో చిట్టచివరిది. ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు, గోడకి గోడ అతుక్కుని ఉంటుంది. భార్య ఆ ఇంటి వంటింటి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు. ఆమె అన్నగారు, ఇళ్ళు చూడటంలో చెయ్యి తిరిగిన మనిషి, గోడని రెండు చరుపులు చరిచి, "బాగానే ఉంది బావా" అన్నాడు. ఆయన చరిచి బాగాలేదన్న ఇల్లు ఇప్పటివరకూ లేదు.

"ఇంజినీరమ్మచేత ఒకసారి చూపిద్దాం బావగారూ" అన్నాడు టైలరు.

బావగారి మొహం మాడిపోయింది. "అంటే నా చెయ్యి మీద నమ్మకం లేదన్నమాట. సరే కానీ" అని చెప్పులేసుకున్నాడు.

ప్రిన్సిపాలుగారు అంతకన్నా నొచ్చుకున్నారు. ఉద్యోగం నుంచి విరమించినా ఆయన ఉపన్యాసం విరమించలేదు. "ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని నిటారుగా నిలబెట్టినవాణ్ణి నేను. అటువంటి నా ఇల్లు నిటారుగా నిలబడిందో లేదో దారం కట్టి చూస్తారా? పరీక్షలు పెట్టటం నా వృత్తి. నాకే పరీక్ష పెట్టే రోజులు వచ్చాయంటే సమాజం ఎటు పోతున్నట్టు?" అని ఆవేదన వెలిబుచ్చారు. ఆపైన విషయం వీధి సంఘానికి నివేదించారు.

వీధి సంఘం అధ్యక్షుడు మందుల షాపాయన. వీధి మొదట్లో ఉన్న ఇల్లు ఆయనది. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఎంతో విశాల హృదయంతో ఒక తీర్మానం చేసింది. సదరు పరీక్షకు సంఘానికి ఎటువంటి అభ్యంతరమూ లేదు. అయితే పరీక్ష సమయంలో లోపాలు వెతకరాదు. వెతక్కుండానే లోపం కనబడినచో చూడనట్టు పక్కకి తిరిగిపోవలెను. అలా తిరగటం సాధ్యం కానప్పుడు చూసినదానిని మర్యాదైన భాషలో మాత్రమే తెలియపరచవలెను.

పరీక్ష రోజున ప్రిన్సిపాలుగారి ఇల్లు కళకళలాడుతోంది. ముందుగదిలో ఒక్కో గోడకీ రెండేసి క్యాలెండర్లు తగిలించి ఉన్నాయి. వాటిలో కొన్ని ఎప్పుడో గడిచిపోయిన సంవత్సరాలవి. నడవలో బీరువా అడ్డదిడ్డంగా, మనిషి దూరటానికి వీల్లేకుండా గోడకి కరుచుకుని ఉంది. పడకగదిలో ఒక పెద్ద పటం గోడ మధ్యలో కాకుండా మోకాలి ఎత్తున వేలాడుతోంది. పగుళ్ళ మీద ఇంత శ్రద్ధగా అతుకులు వేసిన ఆ పనితనం చూసి టైలరు లోలోపల మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. వాలిన భుజానికి దూది పెట్టి నిలబెట్టటం, పొట్ట కనబడకుండా కుచ్చు తీయటం ఆయనకి మాత్రం కొత్తా?

ఇంజినీరమ్మకి ఈ కళ పట్ల గౌరవం లేదు. ఆమె దారానికి కట్టిన ఇత్తడి గుండుని కప్పు దగ్గర నుంచి వదిలింది. గుండు తిన్నగా వేలాడింది. గోడ తిన్నగా లేదు. పైన గోడకి అంటుకున్న దారం కింద గోడకి మూడు వేళ్ళ దూరాన ఉంది.

"ఇల్లు పక్కకి వాలిందండీ" అంది ఆమె.

"పడిపోతుందా అమ్మా?" అన్నాడు టైలరు.

"పడదు. పక్కింటి మీద ఆనుకుని ఉంది."

"పడదట, విన్నారుగా" అన్నారు ప్రిన్సిపాలుగారు వీధిలోకి వినిపించేటట్టు.

పక్కింటి మీద ఆనుకున్న ఇంటి సంగతి తేల్చాలంటే పక్కింటిని చూడక తప్పదని ఇంజినీరమ్మ చెప్పింది. పక్కిల్లు పళ్ళ డాక్టరుది. ప్రిన్సిపాలుగారి ఇంటిని తన ఇల్లే మోస్తోందని తెలియగానే డాక్టరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆ పూట నుంచి ఆయన ప్రిన్సిపాలుగారు నమస్కారం పెడితే తల పంకించి ఊరుకున్నాడు. ఇన్నాళ్ళ మోతకి తగిన కృతజ్ఞత ఏ రూపంలో ఉంటే బాగుంటుందో పరోక్షంగా సూచించాడు కూడా. ఇంతలో గుండు ఆయన గోడ పక్కనా వేలాడి, ఆయన ఇల్లు లాయరుగారి ఇంటి మీద ఆనుకుందని తేల్చింది. "పక్క పళ్ళ ఆసరా లేకుండా ఏ పన్నూ నిలవదు, ఇది ప్రకృతి ధర్మం" అని డాక్టరు వెంటనే అభిప్రాయం సవరించుకున్నాడు.

లాయరుగారు మాటలతో కాలక్షేపం చేసే మనిషి కాదు. తన ఇంటిమీద అనుమతి లేకుండా ఆనుకున్నందుకు డాక్టరుకి నోటీసు తయారుచేయటం మొదలుపెట్టాడు. నోటీసులో రెండో పేరా పూర్తయ్యేలోపు ఆయన ఇల్లు సంగీతం టీచరు ఇంటిమీద వాలిందని తెలిసింది. ఆయన కలం మూతపెట్టి, ఇటువంటి విషయాలు ఇరుగుపొరుగులు సామరస్యంగా పరిష్కరించుకోవాలని హితవు చెప్పాడు. సంగీతం టీచరు ఇల్లు గొడుగుల వ్యాపారి ఇంటిమీద, గొడుగుల వ్యాపారి ఇల్లు అధ్యక్షుడి ఇంటిమీద వాలి ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఒక పావుగంట గర్వమూ, తరువాత కొంచెం దగ్గూ వినిపించాయి.

చివరికి అందరూ అధ్యక్షుడి ఇంటి ముందు చేరారు. "వీధి బరువంతా మోస్తున్నది నేనేనని నాకెప్పుడూ అనిపిస్తూనే ఉండేది" అన్నాడాయన నిండుగా. ఇంజినీరమ్మ దారం వదిలి చూసి ఇంటి పక్కకి నడిచింది.

అక్కడ, వీధి మొగలో, శిలాఫలకం ఉంది. వీధి ప్రారంభోత్సవానికి విచ్చేసిన పెద్దమనిషి పేరు చెక్కిన నల్లరాయి, దాన్ని నిలబెట్టిన గోడ. మనిషిన్నర ఎత్తు, ఇంటి వెడల్పు. అధ్యక్షుడి ఇల్లు నిండు సంసారంతో సహా ఆ గోడకి జారగిలపడి ఉంది. ఇంజినీరమ్మ గోడని సుత్తితో తట్టింది, అడుగున తవ్వించి చూసింది, మళ్ళీ తట్టింది. ఆ రోజు మొత్తంలో ఆమె మొహాన నవ్వు కనిపించింది అప్పుడే.

"ఇది ఎవరు కట్టారండీ?"

"అదే కాంట్రాక్టరు. పెద్దాయన ముసుగు తీసేటప్పుడు రాయి కదిలితే ఎంత అప్రతిష్ఠ? అందుకని వీధికి వచ్చిన సరుకులో మేలిరకం అంతా ముందు దీనికి వాడాడు. మిగిలిందేదో ఇళ్ళకి సరిపెట్టాడు. ఇళ్ళదేముంది, మనమే కదా ఉండేది" అన్నాడు అధ్యక్షుడు.

ఆదివారం నాడు ఇంజినీరమ్మ తన నివేదిక టైలరుకి రాసిచ్చి, వీధి సంఘానికి చదివి వినిపించింది. "ఈ వరసలో సొంతకాళ్ళ మీద గట్టిగా నిలబడ్డ కట్టడం శిలాఫలకం ఒక్కటే. మిగిలిన ఇళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి ఆనుకుని చివరికి దానిమీద పడుతున్నాయి. ఇళ్ళు ఇవాళో రేపో పడవు గానీ..." అందామె. 'పడవు' అన్న మాటకి చప్పట్లు మొదలై చాలాసేపు ఆగలేదు. ఆ 'గానీ' తరువాత పునాదుల గురించి ఆమె చెప్పినదంతా ఆ సందట్లో కలిసిపోయింది. అధ్యక్షుడు ఆమెకి పూలగుత్తి ఇచ్చి, ఆమె నిజాయితీ మాటల్లో చెప్పలేనిదని, అందుకే చెప్పటం లేదని అన్నాడు.

మర్నాటికల్లా ఆరు ఇళ్ళకీ ఒకే రకం బోర్డులు వెలిశాయి. 'ఇంజినీరుచేత పరీక్షింపబడిన ఇల్లు' అని. ఏం తేలిందన్నది బోర్డులో పట్టలేదు. ఊళ్ళో ఇంకే ఇంటికీ ఇటువంటి హోదా లేకపోవటంతో వీధికి గిరాకీ పెరిగింది. ప్రిన్సిపాలుగారు ఇంటి ధర పెంచి, పెంచినందుకు టైలరుకే ధన్యవాదాలు చెప్పుకున్నారు. అడపాదడపా ఏ తలుపైనా బిగుసుకుపోతే, "ఆవిడ దారం కట్టినప్పటి నుంచీ ఇంతే" అని ఇంట్లోవాళ్ళు విసుక్కునేవాళ్ళు.

టైలరుకి మాత్రం మనసు ఒప్పలేదు. ఆ ఇల్లు భార్యకి నచ్చింది. పునాదులు బాగుచేయిస్తే కొనాలని ఆయనకీ ఉంది. ఇల్లిల్లూ తిరిగి బతిమాలాడు. బాగుచేయించాలన్న విషయంలో వీధిలో భిన్నాభిప్రాయమే లేదు. ఎవరింటితో మొదలుపెట్టాలన్న దగ్గర అందరూ పక్కింటివైపు చూపించారు. "డాక్టరుగారు ముందు లేచి సర్దుకుంటే నేను లేస్తాను" అన్నారు ప్రిన్సిపాలుగారు. "నేను లేస్తే మీరు పడతారు కదండీ, నాకు ఆ పాపం ఎందుకు?" అన్నాడు డాక్టరు. ఆ మాటతో వీధికి జ్ఞానోదయమైంది. ఎవరు తిన్నగా నిలబడినా వాళ్ళమీద ఆనుకున్నవాళ్ళు కూలుతారు. అంటే తిన్నగా నిలబడటం సంఘవ్యతిరేక చర్య.

సంఘం ఆ మేరకు తీర్మానించింది. "వీధి ఐక్యతను దృష్టిలో ఉంచుకుని, ఏ సభ్యుడూ తన ఇంటిని నిటారుగా చేసుకోరాదు. ఇప్పటికే ఎవరికైనా అటువంటి ఉద్దేశం ఉన్నచో విరమించుకోవలెను. ఒకరి మీద ఒకరు ఆధారపడటంలోని మాధుర్యాన్ని పిల్లలకు చిన్ననాటి నుంచే నేర్పవలెను." తీర్మానం చదువుతూ అధ్యక్షుడు గద్గద స్వరంతో ఒకసారి ఆగిపోయాడు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

టైలరు ఇంటికొచ్చి పరదా తీసి, "ఆ ఇల్లు మనకొద్దు" అన్నాడు.

భార్య తాళ్ళ కింద కూర్చుని ఎవరిదో కోటుకి బొత్తాలు కుడుతోంది. తలెత్తలేదు. "ఆ వీధిలో అంతమంది ఉంటున్నారుగా" అంది.

"తెలిసి తెలిసి ఎలా కొనమంటావు?"

"కొనొద్దనే అంటున్నాను. తెలియకముందే కొనుంటే బాగుండేదని మాత్రం అనుకుంటున్నాను." దారం పంటితో తెంపి కోటు తాడు మీద వేసింది. "ఆ కిటికీ దగ్గర మిషను పెట్టుకోవాలనుకున్నానండీ. పోనీలెండి."

ఆ 'పోనీలెండి' టైలరుకి గుచ్చుకుంది. దానికన్నా ఆమె ఏడ్చి గోల చేస్తే నయమనిపించింది. భార్యకి ఒక్క గది ఇవ్వలేకపోయానన్న బాధతో ఆయన రెండు రోజులు ఎవర్నీ ట్రయలుకి పిలవలేదు. ఊరు ఆశ్చర్యపోయింది.

మూడో రోజున బావగారు అలక మాని వచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. "బావా, నువ్వు భయపడేది గోడలు, కప్పు, పగుళ్ళు, వీటికేగా? ఇవేవీ లేని చోటు చూపిస్తా రా" అని లాక్కుపోయాడు.

అది శిలాఫలకానికి అవతలి పక్కనున్న ఖాళీ స్థలం. వాలటానికి గోడ లేదు. కారటానికి కప్పు లేదు. పక్కన ఊళ్ళోకెల్లా గట్టి గోడ. బావగారు అలవాటు చొప్పున చరచటానికి చెయ్యెత్తి, చరచటానికి ఏమీ లేకపోవటంతో చెయ్యి దించి, "బాగానే ఉంది" అన్నాడు. టైలరు మొదటిసారి ఆ మాట నమ్మాడు. ఖాళీ స్థలానికి పరీక్షేమిటి? ఉన్నదాంట్లో లోపం వెతుకుతారు గానీ లేనిదాంట్లో ఏం వెతుకుతారు? ఇంజినీరమ్మ ఏదో పొరుగూరు పనిమీద వెళ్ళింది. వచ్చేదాకా ఆగుదామా అన్న ఆలోచన వచ్చింది గానీ, ఆగటానికి కారణం ఆయనకే కనబడలేదు. స్థలం యజమాని కూడా ఏమీ దాచలేదు, దాచటానికి అక్కడ చోటే లేదు. ట్రయలు లేకుండా టైలరు చేసిన మొదటి పని అది.

కట్టటం దగ్గర కూడా ఆయన తొందరపడలేదు. ఎంత లోతు తవ్వాలో అంతకన్నా ఒక మూర లోతుగానే పునాది తవ్వించాడు. సిమెంటు దగ్గరుండి కలిపించాడు. మూడు గోడలు ఉక్కులా లేచాయి. నాలుగో గోడ దగ్గర బావగారు మళ్ళీ తెలివి ఉపయోగించాడు. "అంత మేలిరకం గోడ పక్కనే ఉంటే ఇంకో గోడ ఎందుకు బావా? దాన్నే కలిపేసుకో. మిగిలిన డబ్బుతో చెల్లెలికి ఇంకో కిటికీ పెట్టించు." టైలరు ఇంజినీరమ్మ మాటలు గుర్తుచేసుకున్నాడు. సొంతకాళ్ళ మీద గట్టిగా నిలబడ్డ కట్టడం శిలాఫలకం ఒక్కటే. ఆమె చెప్పినదాంట్లో వీధికి 'పడవు' అన్న ముక్క నచ్చినట్టే ఆయనకి ఈ ముక్క నచ్చింది. అడ్డదూలాలు ఫలకం గోడలోకి దిగాయి. వీధి సంఘం అభ్యంతరం చెబుతుందేమోనని భయపడ్డాడు గానీ, సంఘం ఆశ్చర్యకరమైన వేగంతో అనుమతి ఇచ్చింది. అధ్యక్షుడు స్వయంగా వచ్చి, "ఇంకొంచెం దగ్గరగా కట్టుకోండి, మొహమాటం వద్దు" అన్నాడు.

కొత్త ఇంట్లోకి చేరిన రోజున భార్య వంటింట్లో రెండు కిటికీలూ తెరిచింది. మిషను ఒక కిటికీ దగ్గరకి జరిపించుకుంది. ఖాతాదారుల బట్టలన్నీ పాత దుకాణంలోనే ఉండిపోయాయి. మధ్యాహ్నం ఆమె పడకగదిలో నేలమీద వెల్లకిలా పడుకుని, ఏమీ వేలాడని కప్పుకేసి చూస్తూ ఒక్కర్తీ నవ్వుకుంది. గుమ్మంలోంచి అది చూసిన టైలరుకి తన కుట్టుపని అంతా ఆ పూటకి గిట్టుబాటయినట్టనిపించింది.

తరువాత కొన్నాళ్ళకి ఇంజినీరమ్మ ఊరొచ్చింది. టైలరు ఆమెని పట్టుబట్టి ఇల్లు చూడటానికి తీసుకొచ్చాడు. ఆమె మూడు గోడలూ చూసి నిజంగానే మెచ్చుకుంది. నాలుగోదాని దగ్గర ఆగిపోయింది. సంచీలోంచి ఇత్తడి గుండు తీసింది. శిలాఫలకం గోడ రెండు వేళ్ళు వాలి ఉంది, టైలరు ఇంటివైపు.

"ఈ గోడకీ మీ ఇంటికీ మధ్య ఖాళీ వదలాలండీ. ఆరిళ్ళ బరువు దీన్ని ఇటే నెడుతోంది."

"మీరే గట్టిదన్నారు కదమ్మా."

"గట్టిదే. అందుకే ఇంతకాలం ఆగింది. దగ్గరలో ఏమీ కట్టకూడదని ఆ తరువాత పేజీలోనే రాశాను. చదవలేదా?"

ఊరందర్నీ మళ్ళీ మళ్ళీ కొలిచి చూసే మనిషి తనకి నచ్చిన వాక్యం దగ్గరే పేజీ తిప్పటం మానేశాడు. "పడుతుందా?" అని అడిగాడు.

"పడదండీ. ఇప్పుడు మీరున్నారుగా" అంది ఆమె జాలిగా. "మీ పునాది మంచిది. మొత్తం వరసని చాలాకాలం ఆపుతుంది. తరువాత సంగతి చెప్పలేను."

ఈ శుభవార్త సాయంత్రానికల్లా వీధి ఆ చివరికి చేరింది. ఆదివారం సభలో టైలరుని వేదిక మీద కూర్చోబెట్టారు. "ఇంతకాలం మనం ఒక రాతిని నమ్ముకుని బతికాం. రాయికి మనసుండదు. నేటినుంచి ఒక మనిషిని నమ్ముకుని బతకబోతున్నాం" అని అధ్యక్షుడు ఉద్వేగంగా ప్రకటించాడు. నిటారుగా నిలబడటం మీద నిషేధాన్ని టైలరు విషయంలో ప్రత్యేకంగా సడలించారు. ఆయన తన ఇంటిని అమ్మరాదనీ, కదల్చరాదనీ, గోడకి మేకు కొట్టాలన్నా సంఘం అనుమతి పొందవలెననీ తీర్మానించి, ఆయన్ని గౌరవ ఉపాధ్యక్షుడుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాడు బావగారు. ప్రిన్సిపాలుగారి ఇల్లు పెంచిన ధరకే కొన్నవాడు ఆయనే.

భార్య సభ నుంచి తిరిగి వచ్చి వంటింటి కిటికీ ఒకటి మూసింది. అది మూతపడటానికి కొంచెం మొరాయించింది.

"నెత్తిమీద పరాయివాళ్ళ బట్టలు లేని గది అడిగాను" అంది నెమ్మదిగా. "పరాయివాళ్ళ ఇళ్ళు పెట్టారు."

ఆమెని కొత్త ఇంట్లోంచి మళ్ళీ ఆ తాళ్ళ కిందికి తీసుకెళ్ళటం టైలరు వల్ల కాదు. గోడకి దూది పెట్టి నిలబెట్టే విద్య ఆయనకి రాదు. ఆలోచించగా ఆలోచించగా ఒకటే దారి కనబడింది. తన ఇంటికి అవతలి పక్కన మరో స్థలం ఖాళీగా ఉంది.

అప్పటినుంచి ఆయన ట్రయలుకి వచ్చిన ప్రతివాడి దగ్గరా ఆ స్థలం మాట ఎత్తుతున్నాడు. భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్ళకి కొంచెం ఎక్కువ వర్ణించి చెబుతున్నాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. పక్కింటివాళ్ళు మంచివాళ్ళంటాడు, అది నిజం. పక్కింటి గోడ ఊళ్ళోకెల్లా గట్టిదంటాడు, ఇంజినీరుచేత పరీక్షింపబడిందంటాడు, అదీ నిజమే.

ఆ స్థలం ఇంకా అమ్ముడుపోలేదు. ఇంతసేపూ టైలరుని చూసి నవ్వుకున్న మీరు పెద్దలు, విజ్ఞులు, ఆయన చేసిన పొరపాటు చేసేవారు కారు. ఇల్లు కట్టుకునే ఆలోచన ఉంటే ఒకసారి వచ్చి చూసుకోండి. దారాలు, గుండ్లు ఏమీ తెచ్చుకోనక్కర్లేదు, అది ఉత్త ఖాళీ స్థలం. మీరు రాబోయే ఆదివారం వస్తున్నారన్న నమ్మకంతో వీధి సంఘం స్వాగత సన్నాహాలు మొదలుపెట్టింది.